విడిదికొచ్చి కాపురం పెట్టారు

2025 మే నెలలో కోయంబత్తూరు వైపు నుంచి ఊటీ బయల్దేరిన వాళ్లకు కొండ ఎక్కకముందే ఒక పరీక్ష ఎదురైంది. మేట్టుపాళయం దాటాక, పోక తోటల మధ్య కల్లారు దగ్గర బండ్లను వరుసగా ఆపి ఈ-పాస్ చూపించమన్నారు. కేరళ, కర్ణాటక నంబర్లు ఎక్కువ. ఆంధ్ర, తెలంగాణ నంబర్లకూ తక్కువేమీ లేదు. పాస్ లేనివాళ్లు కారు పక్కకు తీసి, ఫోనులో పేరు, బండి నంబరు, ఎంతమంది, ఎన్నాళ్లు, ఎక్కడ బస అన్న గడులు నింపుకోవాలి. మద్రాసు హైకోర్టు పెట్టిన లెక్క ప్రకారం మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని, ఆదివారాల్లో 8,000. స్థానికుల బండ్లకూ ప్రభుత్వ బస్సులకూ ఈ హద్దు లేదు.

అంతకు ముందు సంవత్సరం వేసవి రద్దీలో రోజుకు 20,000 బండ్లు నీలగిరులు ఎక్కుతున్నాయని కోర్టు ముందుకు లెక్కలు వచ్చాయి. అది విన్న న్యాయమూర్తులు 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేశారు. తొలి ఏడాది అడిగిన వాళ్లందరికీ ఇచ్చారు, కేవలం లెక్క తెలియడానికి. మలి ఏడాది లెక్కకు కట్టడి వచ్చింది. ఊటీ వర్తకులు ఊరుకోలేదు. 2025 ఏప్రిల్‌లో జిల్లా అంతటా ఒకరోజు బంద్ పాటించారు. హోటళ్ల వాళ్లకు, టాక్సీ డ్రైవర్లకు, క్యారెట్లూ చాక్లెట్లూ అమ్ముకునే వాళ్లకు ఏడాది తిండి ఆ రెండు నెలల్లోనే దొరకాలి. వాళ్ల కోపం అర్థం కానిదేమీ కాదు. అయితే ఆ కొండకు వచ్చే చుట్టాలను ఎవరైనా లెక్కపెట్టి, ఇంతమందే అని చెప్పడం రెండు వందల ఏళ్లలో అదే మొదటిసారి.

తెలుగులో హిల్ స్టేషన్‌ను వేసవి విడిది అంటాం. ఎవరు పెట్టారో గానీ, ఇంత సరైన మాట మరో భాషలో దొరకడం కష్టం. విడిది అంటే పెళ్లికి తరలివచ్చిన మగపెళ్లివారికి ఇచ్చే ఇల్లు. ఆ ఇంట్లో వాళ్లు అతిథులు. కాఫీ చల్లారిందని అలుగుతారు, వేణ్ణీళ్లు చాలలేదని కబురు పెడతారు, ఆడపెళ్లివారు పరుగులు తీస్తారు. అన్నీ సహిస్తారు. ఎందుకంటే మూడో రోజుకో అయిదో రోజుకో వాళ్లు మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోతారు. ఊటీ చరిత్ర అలా వెళ్లిపోని మగపెళ్లివారి చరిత్ర.

ఇంతకీ ఆడపెళ్లివారు ఎవరు? బ్రిటిష్ వాళ్ల రాతల్లో నీలగిరులు ఎవరూ లేని కొండల్లా కనిపిస్తాయి. నిజానికి అక్కడ అయిదు జనాలు ఒకరినొకరు అల్లుకుని బతుకుతుండేవి. గేదెలను కాసే తోడాలు పైనున్న పచ్చిక మైదానాల్లో. సేద్యం చేసే బడగలు వాలుల్లో. కుండలు, ఇనుప సామాను, వాద్యాలు కోటలవి. తేనె, అడవి దినుసులు కురుంబలవి, కొండ దిగువన ఇరులలవి. డబ్బు చలామణి నామమాత్రం. బడగలు పండిన ధాన్యంలో కొంత తోడాలకు ఇచ్చేవారు. ఆ కొండ మొదట తోడాలదన్న ఒప్పుకోలు ఆ ధాన్యంలో ఉండేది. దాన్ని గూడు అనేవారు. ఈ చిన్న విషయం తర్వాత పెద్ద రగడ అయింది.

తోడాల ఊరిని మండ్ అంటారు. మూడు నాలుగు ఇళ్లు, ఒక పాలగుడి. ఇళ్లు సగం బండి గూడులా వంగి ఉంటాయి, లోపలికి పాకుతూ వెళ్లాలి. పాలగుడే వాళ్ల ఆలయం, దాని గేదెల పాలు తీసేవాడే పూజారి. ఒంటిరాయి ఉన్న చోటి మండ్ కాస్తా ఇంగ్లీషు నాలుకల మీద ఊటకమండ్ అయి, చివరికి ఊటీ అయింది.

కొండ మీద చల్లగా ఉంటుందన్న సంగతి కింది వాళ్లకు తెలియక కాదు. అవసరం పడలేదంతే. అవసరం కుంపణీ వాళ్లకు పడింది. మద్రాసు, తిరుచిరాపల్లి కంటోన్మెంట్లలో తెల్ల సైనికులు యుద్ధాల కన్నా జ్వరాలతో, విరేచనాలతో ఎక్కువగా పోయేవారు. జబ్బు పడిన అధికారికి గాలి మార్పు కావాలంటే ఓడ ఎక్కి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు వెళ్లాలి. నెలల తరబడి సెలవు, దారి ఖర్చు. అన్నీ కలుపుకుంటే మనిషి చచ్చినా బతికినా కుంపణీకి నష్టమే. 1818లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాన్ కింద పనిచేసే ఇద్దరు సహాయకులు, విష్, కిండర్స్‌లీ, కొండెక్కి దిగి వచ్చి అక్కడ ఇంగ్లండు లాంటి చలి ఉందని చెప్పారు. 1819 జనవరిలో ముప్పై ఏళ్ల సలివాన్ స్వయంగా ఎక్కాడు. కోటగిరి దగ్గర దింబట్టిలో ఒక బంగళా కట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఇంకా పైకి, తోడాల పచ్చిక మధ్యకు చూపు మళ్లింది. 1822లో అక్కడ రాతి ఇంటికి పునాది వేశాడు. కొండవాళ్లు దానికి కల్ బంగళా అని పేరు పెట్టారు. ఊటీలో మొదటి మేడ అదే.

ఆ స్థలాన్ని సలివాన్ తోడాల దగ్గర కొన్నాడు. ఎకరం ఒక రూపాయి. లాక్కున్న వాళ్లతో పోలిస్తే కొన్నవాడు మంచివాడే. కానీ భూమిని అమ్మడం అన్న ఊహే లేని వాళ్లకు ఆ రూపాయి ఏమని అర్థమై ఉంటుంది? పచ్చికలో గేదెలు మేపుకోనిచ్చినందుకు బడగ ఇచ్చే గూడు లాంటిదే, ఏటా వస్తుందని అనుకున్నారేమో. కొన్నవాడి కాగితాలు మిగిలాయి, అమ్మిన వాళ్ల మాట మిగల్లేదు.

ఆ తొలి అతిథుల్లో తెలుగువాళ్లకు బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు. సర్ థామస్ మన్రో. దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు రాయలసీమ అంతా గుర్రం మీద తిరిగి రైత్వారీ శిస్తు స్థిరపరిచిన మన్రో, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1826లో ఊటీ వెళ్లి సలివాన్ ఇంట్లో దిగాడు. కోటు వేసుకుని కూర్చున్నా చలికి వేళ్లు కలం పట్టనివ్వడం లేదని సముద్రం అవతల ఉన్న భార్యకు ఉత్తరం రాశాడు. కొన్ని రోజులు ఉండి దిగిపోయాడు. మరుసటి ఏడాది పదవి ముగించుకుని స్వదేశం వెళ్లబోతూ, తన పాత సీమను చివరిసారి చూడాలని మండుటెండల తర్వాత బయల్దేరి, 1827 జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. విడిది వాడుకుని తిరిగి వెళ్లిపోయిన అతిథుల జాబితా రాస్తే అందులో మొదటి పేరు బహుశా మన్రోదే అవుతుంది. ఆ జాబితా పొడుగైంది కాదు.

మన్రో తర్వాత వచ్చిన గవర్నర్ లషింగ్టన్‌కు కొండ అంటే ప్రాణం. జబ్బు సైనికుల కోసం ఊటీని ఆరోగ్య కేంద్రం చేశాడు. సైనిక అధికారిని నియమించాడు. 1830లో కొండలో ఎక్కువ భాగాన్ని సలివాన్ జిల్లా నుంచి తీసి మలబారులో కలిపేశాడు. కూనూరు ఘాట్ రోడ్డు మొదలైంది. సలివాన్‌కు, గవర్నరుకు పడలేదు. పడకపోవడానికి పదవీ అహం ఒక కారణం. రెండో కారణం తోడాలు. ఈ పచ్చిక అంతా తోడాల సొంతమని, బడగలు గూడు ఇవ్వడమే అందుకు సాక్ష్యమని, ప్రభుత్వం గజం స్థలం తీసుకున్నా వాళ్లకు పరిహారం ఇవ్వాలని సలివాన్ వాదించాడు. మేపుకునే వాడికి భూమి మీద ఉండేది మేత హక్కే తప్ప యాజమాన్యం కాదని అవతలి పక్షం. దున్నని భూమి సర్కారుది అనే సూత్రం ఆనాడే తయారైంది. దాని నీడలో ఈ దేశపు కొండ జనం ఇప్పటికీ బతుకుతున్నారు.

సలివాన్‌ను తోడాల బంధువుగా నిలబెట్టాలని కొందరికి ముచ్చట. కోటగిరి దగ్గర ఆయన బంగళాను స్మారకంగా నిలిపి ఉంచారు కూడా. కానీ తోడాల హక్కు గురించి అంత గట్టిగా వాదించిన ఆ మనిషే కొండ మీద అందరికంటే ఎక్కువ భూమి ఉన్న తెల్లవాడు. తోడాలు యజమానులైతేనే వాళ్ల దగ్గర కొన్న తన పత్రాలు చెల్లుతాయి. న్యాయం, స్వార్థం ఒకే దారిలో నడిచినప్పుడు ఏది దేన్ని లాక్కెళ్లిందో చెప్పడం కష్టం. ఏదేమైనా వాదన ఓడిపోయింది. కొన్ని దశాబ్దాల తర్వాత తోడాలకు మిగిలింది మండ్‌ల చుట్టూ తలా కొన్ని ఎకరాలు. అదీ అమ్ముకునే స్వేచ్ఛ లేకుండా.

ఇక అతిథుల రాక ఆగలేదు. 1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ ఆరోగ్యం కోసం ఊటీలో మకాం వేశాడు. అప్పుడే ఇంగ్లండు నుంచి మద్రాసు రేవులో దిగిన మెకాలేకు, కలకత్తా కాదు, నేరుగా కొండకు రమ్మని కబురు వెళ్లింది. మద్రాసు నుంచి బెంగళూరు, మైసూరు మీదుగా దాదాపు నాలుగు వందల మైళ్లు మెకాలే పల్లకీలో వెళ్లాడు. అంత దూరం, ఘాట్‌తో సహా, బోయీల భుజాల మీద. ఆయన ఉత్తరాల్లో దారి అందాలు బాగా ఉంటాయి. వానల మీద విసుగు ఇంకా బాగా ఉంటుంది. బోయీల పేర్లు ఉండవు. ఆ వేసవిలో కొన్ని వారాలపాటు భారతదేశ ప్రభుత్వం అంటే ఊటీలో చలిమంట చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు మనుషులు.

1847లో రిచర్డ్ బర్టన్ అనే యువ సైనికాధికారి అనారోగ్య సెలవు మీద వచ్చాడు. తర్వాతి కాలంలో అరబ్బీ కథల అనువాదకుడిగా ప్రపంచ ప్రసిద్ధుడైన బర్టనే. అతడికి ఊటీ విసుగు పుట్టించింది. అదే ముఖాలు, అదే విందులు, అదే చలి. ఆ విసుగునంతా కలిపి ఒక పుస్తకం రాశాడు. ఎగువ మధ్యతరగతి ఇంగ్లండును అచ్చు గుద్దినట్టు తెచ్చి దించుకుంటే విసుగు కూడా వెంట రాకుండా ఎలా ఉంటుంది?

దించుకోవడం మాత్రం శ్రద్ధగానే చేశారు. 1823లో సలివాన్ వాగుకు కట్ట వేసి చెరువు మొదలుపెట్టాడు. అది దిగువ రైతులకు సాగునీరు ఇస్తుందని అతడి ఆశ, చివరికి పడవ షికార్లకు మిగిలింది. 1829లో సెయింట్ స్టీఫెన్స్ చర్చికి పునాది పడింది. దాని దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహలు విప్పి, కొండ మీదికి ఎక్కించినవి. 1848లో మెకైవర్ అనే తోటమాలి బొటానికల్ గార్డెన్‌కు రూపం ఇచ్చాడు. 1896లో అక్కడ మొదలైన పూల ప్రదర్శన ఇప్పటికీ ప్రతి మేలో జరుగుతోంది. బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ వచ్చాయి. బడగలు వాటిని అందిపుచ్చుకుని సొంతం చేసుకున్నారు. వేటకుక్కలు వచ్చాయి, నక్కల వేట వచ్చింది. క్లబ్బు వచ్చింది. జబల్పూరులో పుట్టిన స్నూకర్ ఆటకు నియమాలు ఊటీ క్లబ్బు గోడ మీదే ఎక్కాయని బిలియర్డ్స్ అభిమానులు గర్వంగా చెబుతారు. ఆ గోడ లోపలికి చాలాకాలం భారతీయులకు ప్రవేశం ఉండేది కాదు. బల్లలు తుడిచే వాళ్లకు తప్ప.

వీటన్నిటికంటే పెద్ద మార్పు చెట్లతో జరిగింది. తెచ్చిన వాళ్లకు కూడా అది పెద్ద మార్పని తెలియలేదు.

నీలగిరుల పైభాగం సహజంగా అడవి కాదు. పచ్చిక. గుట్టల మీద గడ్డి, గుట్టల మధ్య మడతల్లో మాత్రం పొట్టి చెట్ల గుబుర్లు. ఆ గుబుర్లను షోలాలంటారు. వాన పడితే గడ్డి, దాని కింది నల్లమట్టి స్పంజిలా పీల్చుకుంటాయి. నెలల తరబడి నెమ్మదిగా షోలా వాగుల్లోకి వదులుతాయి. భవానీ, మోయారు నదులు ఎండాకాలంలోనూ పారడానికి రహస్యం అదే. ఇంగ్లండులో చెట్టు ఉంటే సంపద, గడ్డి ఉంటే ఖాళీ. ఆ కళ్లతో చూసిన వాళ్లకు పచ్చిక బీడులా కనిపించింది. పైగా వంట చెరకు, చలిమంట చెరకు కావాలి. ఉన్న షోలాలు కొట్టి కాల్చేశారు. 1830, 40ల్లో ఆస్ట్రేలియా నుంచి తుమ్మ జాతికి చెందిన వాటిల్, తర్వాత నీలగిరి అని మనం పిలుచుకునే యూకలిప్టస్ తెచ్చి పచ్చికలో నాటారు. ఎక్కడి చెట్టుకో కొండ పేరు పెట్టేశాం. తలనొప్పికి నీలగిరి తైలం రాసుకునే తెలుగు ఇళ్లలో అది నీలగిరుల చెట్టే అనుకునే వాళ్లు ఇప్పటికీ కోకొల్లలు.

స్వతంత్రం వచ్చాక ఈ పని ఆగి ఉండాల్సింది. ఆగలేదు. కాగితం గుజ్జు, రేయాన్ పరిశ్రమల కోసం మన ప్రభుత్వాలే మరింత పచ్చికలో మరిన్ని ఆస్ట్రేలియా చెట్లు నాటించాయి. అదే అటవీ శాఖ ఇప్పుడు వాటిల్‌ను పీకించి గడ్డి తిరిగి మొలిపించాలని చూస్తోంది. పీకినకొద్దీ మొలుస్తుంది వాటిల్. గడ్డి అలా కాదు.

మళ్లీ పందొమ్మిదో శతాబ్దానికి వస్తే, 1860ల్లో ఇంకో అతిథి వచ్చింది. దక్షిణ అమెరికా సింకోనా. జ్వరాల నుంచి పారిపోయి వచ్చిన వాళ్లు జ్వరం మందు కొండ మీదే పండించారు. దొడ్డబెట్ట, నడువట్టం తోటల బెరడు నుంచి క్వినైన్ తయారైంది. మైదానంలో బతకడం అలా కొంత సులువైంది. సులువైతే విడిది అవసరం తగ్గాలి కదా! తగ్గలేదు సరికదా, 1870 నుంచి మద్రాసు ప్రభుత్వమే ఏటా కొండెక్కడం మొదలుపెట్టింది. గవర్నరు, కార్యదర్శులు, గుమాస్తాలు, ఫైళ్ల పెట్టెలు అన్నీ కదిలేవి. ఏడాదిలో ఇంచుమించు సగం కాలం పాలన అక్కడినుంచే. మనిషి ఒంటికి పట్టిన జబ్బు తగ్గినా, ప్రభుత్వానికి పట్టిన అలవాటు తగ్గలేదు.

ఇది తెలుగువాళ్ల చరిత్ర కూడా. గంజాం నుంచి నెల్లూరు దాకా, దత్తమండలాలతో సహా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తెలుగు జిల్లాలన్నిటి ఆజ్ఞలూ ఎండాకాలంలో ఊటీ నుంచే దిగేవి. 1876-78 మధ్య ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తినేసినప్పుడు మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. 1875 నుంచి 1880 దాకా సాగిన ఆయన హయాంలోనే ఊటీలో గవర్నరు భవనం లేచింది. బకింగ్‌హామ్‌కు జాలి లేదనడం సరికాదు. కరువు పనులు, ధాన్యం దిగుమతి విషయంలో కలకత్తాతో ఆయన గొడవపడ్డాడు. కానీ గంజి కేంద్రాల ముందు జనం రాలిపోతున్న ప్రెసిడెన్సీకి 7,000 అడుగుల ఎత్తున రాజభవనం అవసరమని ఎవరికీ తప్పుగా తోచకపోవడమే విడిదిలో ఉన్న మహత్తు. అక్కడి నుంచి కింద పొగమంచే కనిపిస్తుంది. ఈ ఏటేటా కొండ ప్రయాణాన్ని భారతీయ పత్రికలు, మద్రాసు ప్రజాసంఘాలు ఎన్నిసార్లు ఖండించాయో. ఫలితం పెద్దగా లేదు.

సామాన్యుడికి కొండ దగ్గరైంది రైలుతోనే. 1854లో అనుకున్న రైలు 1899లో కూనూరు చేరింది, 1908లో ఊటీ చేరింది. 46 కిలోమీటర్లు, 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. మధ్యలో పళ్ల పట్టా పట్టుకుని ఇంజను వెనకనుంచి నెడుతుంటే, 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్లకు దాదాపు అయిదు గంటల్లో ఎక్కుతుంది. 2005లో యునెస్కో దీన్ని వారసత్వ సంపదల్లో చేర్చింది. అంతకంటే ముందే, 1998లో, 'దిల్ సే' పాటలో షారుఖ్ ఖాన్ ఈ బండి పైకెక్కి గంతులేసి దేశమంతా చేర్చాడు. తెలుగు సినిమాకు ఊటీతో అనుబంధం అంతకంటే చాలా పాతది. హీరో హీరోయిన్లు పరుగెత్తడానికి ఏటవాలు పచ్చిక, వెనక వరుసగా చెట్లు, ఆగితే పొగమంచు. ఒక తరం తెలుగు కుర్రకారుకు హనీమూన్ అంటే ఊటీయే. బొటానికల్ గార్డెన్‌లో స్వెట్టర్ మీద చీర కొంగు కప్పుకున్న కొత్త పెళ్లికూతురి ఫొటో మన ఇళ్ల ఆల్బముల్లో ఎన్నిటిలోనో ఉంటుంది. ఆ ఫిలిం రోలు కొన్నిసార్లు ఊటీలోనే తయారైంది. 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ కర్మాగారం ఆ ఊళ్లో వేలమందికి జీతాలిచ్చింది. డిజిటల్ కెమెరాలు వచ్చాక మూతపడింది.

విశ్రాంతి కోసం కాకుండా కొండెక్కిన వాళ్లూ ఉన్నారు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందంతో శ్రీలంక తేయాకు తోటల తమిళ కూలీలు తరాల తర్వాత తిరిగి వచ్చారు. వాళ్లలో చాలామందికి తమిళనాడు ప్రభుత్వం 1968 నుంచి నీలగిరుల్లో తేయాకు తోటలు వేసి పని చూపించింది. బ్రిటిష్ వాళ్లు ఒక కొండ నుంచి ఇంకో కొండకు తోలుకెళ్లిన జనాన్ని రెండు స్వతంత్ర దేశాలు పంచుకున్నాయి. ఊటీ వ్యూ పాయింటు దగ్గర సందర్శకులు ఫొటో తీసుకునే ఆకుపచ్చ వాలుల్లో బుట్ట వీపున వేసుకుని ఆకు కోసే ఆడవాళ్లలో ఆ ఇళ్ల కోడళ్లు, మనవరాళ్లు ఉన్నారు.

2011 జనాభా లెక్కల్లో ఊటీ పట్టణంలో 88,430 మంది. వేసవిలో ఆ ఊరు ఎన్ని రెట్లు ఉబ్బుతుందో రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. సలివాన్ చెరువులో సగం ఇప్పుడు బస్టాండు, గుర్రప్పందేల మైదానం, పార్కు. మిగిలిన సగంలోకి ఊరి మురుగు. పందేల మైదానాన్ని 2024లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 2009 నవంబరు వానలకు కొండచరియలు విరిగిపడి జిల్లాలో నలభై మందికి పైగా చనిపోయారు. 2019 ఆగస్టులో అవలాంచె అనే చోట ఒక్కరోజులో 82 సెంటీమీటర్ల వాన కురిసింది. అనంతపురంలో ఏడాదంతా పడే వాన కంటే అది ఎక్కువ. అంత వానను పీల్చుకోవాల్సిన గడ్డి ఎక్కడుందన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న కాదు.

ఇదంతా తమిళనాడు సంగతి, మనకెందుకులే అనుకోవడానికి వీల్లేదు. హార్స్‌లీ కొండలకు ఆ పేరు కూడా వేసవికి అక్కడ ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరుదే. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. అరకునూ, హార్స్‌లీ కొండలనూ ఆంధ్రా ఊటీ అని పిలుచుకోవడం మనకు పరిపాటి. ఈ పొగడ్త ఎంత భయపెట్టేదో అంటున్న వాళ్లు గమనిస్తున్నట్టు లేరు. లంబసింగికి ఏ కలెక్టరూ దారి వేయలేదు. డిసెంబరులో సున్నా డిగ్రీలట అని టీవీల్లో చూసి, తెల్లవారుజామున కార్లలో బారులు తీరి జనమే వెళ్లారు. గుడారాలు వెలిశాయి, బిర్యానీ పాకలు వెలిశాయి.

అరకుకు, లంబసింగికి తోడాలకు లేని ఒక రక్ష ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయించరాదని చెప్పే 1/70 చట్టం. ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. సలివాన్ నాటి రూపాయి బేరం ఇవాళ అరకులో చేస్తే చెల్లదు. బినామీ పేర్లు, లీజు కాగితాలు, గిరిజన కుటుంబంలో పెళ్లి సంబంధం దాకా వెళ్లే దొడ్డిదారులు లేవని కాదు. అయినా చట్టం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఎంత తేడానో చూడాలంటే బొటానికల్ గార్డెన్ పైకి నడిస్తే చాలు. పూలమడులు దాటి పైకెక్కితే ఒక తోడా మండ్ వస్తుంది. పాత పాలగుడి ఒకటి, చుట్టూ మామూలు సిమెంటు ఇళ్లు. తెల్ల గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలతో ఆడవాళ్లు వేసే కుట్టుపనికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సందర్శకులు బేరమాడతారు. కింద కనిపించే తోట, గాజు ఇళ్లు, చెరువు, ఊరు మొత్తం ఒకప్పుడు గేదెలు మేసిన చోటు.

చర్చి వెనక సమాధుల్లో సలివాన్ భార్య హెన్రియెట్టా, కూతురు ఉన్నారు. ఇద్దరూ 1838లోనే పోయారు. ఆరోగ్యం కోసం కట్టిన ఊళ్లో వాళ్లకు ఆరోగ్యం దక్కలేదు. 1841లో సలివాన్ ఇండియా విడిచి వెళ్లాడు. అతడి రాతి ఇల్లు మాత్రం అలాగే ఉంది. చాలాకాలంగా అది ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణ. కొండ మీది పల్లెల పిల్లలు బస్సు దిగి, ఆ ఇంటి ముందు నుంచే తరగతులకు వెళ్తారు.